ముగ్గురూ పని పంచుకున్నారా?

ప్రశ్న: సార్, వందనాలు. నేను సండే స్కూల్లో పిల్లలకు పాఠాలు చెబుతాను. మొన్న సృష్టి పాఠంలో, తండ్రి ఇంజనీరులా ప్లాన్ గీశాడు, కుమారుడు మేస్త్రీలా కట్టాడు, పరిశుద్ధాత్మ చివర్లో ప్రాణం పోసి పని ముగించాడు అని చెప్పాను. పదేళ్ల పాప ఒకతె లేచి, "అయితే ముగ్గురు దేవుళ్లు కలిసి చేశారన్నమాట" అంది. తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ముగ్గురూ ఒక్కడే దేవుడనే త్రిత్వం మన నమ్మకం కదా, ఏం చెప్పాలో తోచలేదు. అప్పటినుంచి ఒకటే టెన్షన్. నేను చెప్పింది తప్పా? (పేరు వేయవద్దని కోరిన సోదరి)

జవాబు: పాప తప్పుగా అర్థం చేసుకోలేదమ్మా. మీ పోలికలో ఉన్నదే విన్నది. ఇంజనీరు ప్లాన్ గీసిచ్చి ఇంటికి వెళ్లిపోవచ్చు. మేస్త్రీ గోడ లేపుతున్నప్పుడు ఆయన అక్కడ ఉండనక్కర్లేదు. మేస్త్రీ వెళ్లాక మూడో మనిషి వస్తాడు. ముగ్గురికి మూడు పనులు, మూడు మనసులు, మూడు కూలీలు. అలాంటి ముగ్గురిని ఏ పిల్లయినా ముగ్గురుగానే లెక్కపెడుతుంది. యెషయా 44:24లో దేవుడు ఆకాశాన్ని "నేనొక్కడనే" విశాలపరిచానంటున్నాడు. ఆ 'ఒక్కడనే' అన్న మాటకు మీ పోలికలో చోటు లేకుండా పోయింది.

ఇలా అంటున్నందుకు నొచ్చుకోకండి. బైబిలు పాఠాలు చెప్పడం మొదలుపెట్టిన కొత్తలో నేను కూడా ఒక పోలిక పట్టుకు తిరిగాను. నీళ్లు, మంచుగడ్డ, ఆవిరి. మూడూ ఒకటే పదార్థం కదా అని ధీమాగా చెప్పేవాణ్ని. ఒకరోజు వెనక బెంచీలోంచి ఒక కుర్రాడు లేచి, "సార్, మంచు కరిగితేనే కదా నీళ్లయ్యేది? మరి యేసయ్య బాప్తిస్మం తీసుకున్నప్పుడు తండ్రి పైనుంచి మాట్లాడాడు, ఆత్మ పావురంలా దిగాడు. ముగ్గురూ ఒకేసారి ఉన్నారుగా?" అన్నాడు. మీ పోలిక ఒక్క దేవుణ్ని ముగ్గురు చేస్తే, నా పోలిక ముగ్గురినీ ఒకే మనిషి వేసే మూడు వేషాలు చేసింది. ఆ రోజు నుంచి నేను దాని జోలికి పోలేదు.

మరి ఏం చెప్పాలి? పౌలు 1 కొరింథీయులకు 8:6లో వాడిన చిన్న మాటల దగ్గర కాసేపు ఆగండి. తండ్రి గురించి "ఆయననుండి సమస్తమును కలిగెను" అన్నాడు. యేసుక్రీస్తు గురించి "ఆయనద్వారా సమస్తమును కలిగెను" అన్నాడు. రెండుచోట్లా 'సమస్తము' అనే ఉంది చూడండి. సగం ఈయననుండి, మిగతా సగం ఆయనద్వారా అనలేదు. ఉన్నదంతా తండ్రినుండి, అదే అంతా కుమారుని ద్వారా. మారింది విభక్తి ఒక్కటే.

ఆ విభక్తుల మీద పదహారు వందల ఏళ్ల కిందట పెద్ద వివాదమే నడిచింది. కప్పదొకియలోని కైసరయకు బిషప్పుగా ఉన్న బాసిల్ ఆరాధనలో తండ్రిని రెండు రకాలుగా స్తుతించేవాడు. ఒకసారి "కుమారుని ద్వారా, పరిశుద్ధాత్మయందు" అనేవాడు. ఇంకోసారి "కుమారునితో, పరిశుద్ధాత్మతో కూడ" అనేవాడు. ఈ రెండోది విని కొందరు అభ్యంతరపెట్టారు. వాళ్ల వాదన ఇది: 'నుండి' అంటే చేసేవాడు, 'ద్వారా' అంటే పనిముట్టు, 'యందు' అంటే పని జరిగే చోటో కాలమో. మాటలు వేరయ్యాయి కాబట్టి ముగ్గురి స్వభావం వేరు, అంతస్తూ వేరు. అమ్మా, మీ ఇంజనీరు, మేస్త్రీ పోలికకు ఇది దగ్గరి చుట్టమే. మీరు ప్రేమతో చెప్పారు, వాళ్లు కుమారుణ్ని తక్కువ చేయడానికి చెప్పారు. అంతే తేడా.

బాసిల్ 375 ప్రాంతంలో దీనికి జవాబుగా పరిశుద్ధాత్మ గురించి ఏకంగా ఒక పుస్తకమే రాశాడు. ఆయన చేసిన పని చాలా సాదా. లేఖనాలు తెరిచి, ఆ మాటలు ఎక్కడెక్కడ ఎవరి గురించి వచ్చాయో ఒక్కొక్కటే చూపించాడు. 'ద్వారా' తండ్రికీ వాడారు, 'నుండి' కుమారునికీ ఆత్మకూ వాడారు. కాబట్టి ఒక విభక్తిని చూపించి ఒకరి అంతస్తు తేల్చడం కుదరదు. బాసిల్ తమ్ముడు, నిస్సా బిషప్పు గ్రెగరీ, మీ పాప అడిగిన ప్రశ్నకే ఒక చిన్న గ్రంథంలో జవాబు రాశాడు: ముగ్గురు దేవుళ్లని ఎందుకు అనకూడదు? ఆయన చెప్పింది నా మాటల్లో ఇదీ: దేవుడు చేసే ప్రతి పనీ తండ్రినుండి బయలుదేరుతుంది, కుమారుని ద్వారా సాగుతుంది, పరిశుద్ధాత్మలో పూర్తవుతుంది. పని మాత్రం ఒక్కటే. ముగ్గురు మనుషులు ఒకే వృత్తి చేసినా ఎవరి పని వారిదే, అందుకే ముగ్గురు పనివాళ్లంటాం. దేవునిలో అలా విడివిడి పనులు లేవు.

ఇది పదేళ్ల పిల్లకు ఎలా అందుతుందంటారా? కీర్తన 33:6 చదివించండి. "యెహోవా వాక్కు చేత ఆకాశములు కలిగెను, ఆయన నోటి ఊపిరిచేత వాటి సర్వసమూహము కలిగెను." తర్వాత ఆ పాపను నోటికెదురుగా అరచెయ్యి పెట్టుకుని ఏదైనా ఒక మాట అనమనండి. మాటతో పాటే ఊపిరి చేతికి తగులుతుంది. మాట ముందొచ్చి ఊపిరి తర్వాత రాలేదు. ఊపిరి లేకుండా మాట రాదు, మాట్లాడేవారు లేకుండా రెండూ రావు. హీబ్రూలో ఊపిరికీ ఆత్మకూ 'రూఅహ్' అనే ఒకే మాట ఉంది. యోహాను సువార్త కుమారుణ్ని వాక్యం అంటుంది. ఈ పోలిక కూడా ఒకచోట కుంటుతుంది, అదీ పాపకు చెప్పండి. మన మాట గాలిలో కలిసిపోతుంది, దేవుని వాక్యం మనల్ని ప్రేమించే వ్యక్తి. మన ఊపిరి మనల్ని ఎరగదు, దేవుని ఆత్మ దేవుణ్ని ఎరుగును. పోలిక ఎంతవరకు వస్తుందో, ఎక్కడ ఆగిపోతుందో రెండూ చెబితే పిల్లలు తికమకపడరు. ఇన్నేళ్లు పాఠాలు చెప్పి చూశాను కాబట్టి అంటున్నాను.

వచ్చే వారం ఆ పాపను అందరి ముందూ మెచ్చుకోండి. ఆ ప్రశ్న అడగడానికి పెద్దవాళ్లే జంకుతారు.

ప్రశ్న: ఆదికాండము 1:26లో "మన స్వరూపమందు మన పోలికె చొప్పున నరులను చేయుదము" అని ఉంది కదా. త్రిత్వానికి ఇదొక్కటే చాలదా? దేవుడు అది దూతలతో అన్నాడని నా స్నేహితుడు వాదిస్తున్నాడు.

జవాబు: ఇదొక్కటే చాలదు బాబూ. ఒక్క వచనం మీద ఇంత భారం మోపితే అది ఎదుటివారి చేతిలో ఇట్టే విరుగుతుంది. మీ స్నేహితుడిది గాలిమాట కాదు. యూదుల గొప్ప వ్యాఖ్యాత రాషీ కూడా దేవుడు దూతలతో ఆలోచన చేశాడనే రాశాడు.

అయితే మీ స్నేహితుడితో కలిసి 27వ వచనం కూడా చదవండి. "దేవుడు తన స్వరూపమందు నరుని సృజించెను." 'మన' అన్నది 'తన' అయింది. దూతల పోలిక అక్కడ ఊసే లేదు, సృజించిన వారిలోనూ వాళ్లు లేరు. హీబ్రూలో దేవుడు అనడానికి అక్కడ వాడిన 'ఎలోహీం' అనే మాట రూపంలో బహువచనం, కానీ దాని పక్కన 'సృజించెను' అన్న క్రియ ఏకవచనంలో ఉంటుంది. మన తెలుగులో గౌరవానికి బహువచనం వాడితే క్రియ కూడా బహువచనమే అవుతుంది, 'సార్ వచ్చారు' అన్నట్టు. అక్కడ అలా కాదు.

రెండో శతాబ్దంలో లియోన్ బిషప్పుగా ఉన్న ఐరేనియస్ ఈ మాట మీదే వాదించాడు. లోకాన్ని దూతలు చేశారనేవాళ్లు అప్పట్లో ఉండేవారు. దేవునికి తన చేతులు లేవా, దూతల సాయం ఎందుకు అని ఆయన అడిగాడు. కుమారుడు, ఆత్మ ఎప్పుడూ ఆయనతో ఉన్నారు, "చేయుదము" అన్నది వారితోనే అని చెప్పాడు. ఆ రెండు చేతుల పోలిక నాకు చాలా ఇష్టం. చేతులు చేసిన పనిని వేరే ఎవరో చేశారనం కదా.

నేనైతే క్రైస్తవుణ్ని కాబట్టి యోహాను మొదటి అధ్యాయం చదివాకే ఆదికాండానికి వెళతాను. అప్పుడు 'మన' అన్న మాటలో వెలుగు కనిపిస్తుంది. ముందు ఆదికాండముతోనే వాదన గెలవాలని చూడకండి.

ప్రశ్న: కొలొస్సయులకు 1:15లో యేసు "సర్వసృష్టికి ఆదిసంభూతుడు" అని ఉంది. అంటే దేవుడు మొట్టమొదట చేసింది ఆయననే, మిగతావన్నీ ఆయనతో చేయించాడు అని మా ఇంటికొచ్చిన ఇద్దరు చెప్పారు. విన్నప్పటినుంచి మనసు కలతగా ఉంది.

జవాబు: కలత పడకండి. పక్క వచనం చదివితే సగం తీరిపోతుంది. 16వ వచనం సర్వమూ ఆయనయందు సృజింపబడింది అంటుంది. ఆ సర్వంలో ఆయన ఒకడైతే ఆయనను ఆయనే చేసుకున్నట్టవుతుంది. ఆదిసంభూతుడు అంటే జ్యేష్ఠుడు, మొదట పుట్టినవాడు. కానీ బైబిల్లో జ్యేష్ఠుడు అన్నది ఎప్పుడూ పుట్టిన వరసే కాదు. దావీదు యెష్షయి కొడుకుల్లో చివరివాడు, అయినా కీర్తన 89:27లో దేవుడు అతణ్ని జ్యేష్ఠునిగా చేస్తానంటున్నాడు. అది అధికారం, వారసత్వం చెప్పే మాట.

ఈ బోధ కూడా పాతదే. అలెగ్జాండ్రియాలో ఏరియస్ అనే సంఘ పెద్ద ఇలాగే బోధించినందుకు 325లో నైసియాలో సభ కూడింది. కుమారుడు పుట్టినవాడే గానీ చేయబడినవాడు కాడని, సమస్తం ఆయన ద్వారానే కలిగిందని అక్కడ ఒప్పుకున్నారు. దేవుని చెయ్యి నేరుగా తగిలితే సృష్టి తట్టుకోలేదు, అందుకే మధ్యలో కుమారుణ్ని చేసుకున్నాడు అని ఏరియస్ పక్షంవారు అనేవారు. దానికి, తర్వాత అలెగ్జాండ్రియాకు బిషప్పయిన అథనాసియస్ ఇచ్చిన జవాబు మీరు గుర్తుపెట్టుకోవాలి. కుమారుడు కూడా సృష్టే అయితే ఆయనను చేయడానికి ఇంకొక మధ్యవర్తి కావాలి, ఆ మధ్యవర్తికి మరొకరు. ఎక్కడా ఆగదు.

నాకు ఇది పుస్తకాల వాదన కాదు. నా ప్రాణం పట్టుకుని ఉన్న చోటు ఇది. సిలువ మీద నాకోసం చేతులు చాపినవాడు నన్ను చేసినవాడు కాకపోతే, దేవుడు తాను రాకుండా వేరొకరిని పంపి ఊరుకున్నాడన్నమాట. అలాంటి దేవుణ్ని నేను ఎరగను. మళ్లీ వాళ్లు వస్తే గౌరవంగా కూర్చోబెట్టి యోహాను 1:3 చదవమనండి. "కలిగియున్నదేదియు ఆయన లేకుండ కలుగలేదు."

ప్రశ్న: అంకుల్, నేను ఇంటర్ చదువుతున్నాను. ఆదికాండము 1:2లో దేవుని ఆత్మ జలములపైన "అల్లాడుచుండెను" అని ఉంది. అల్లాడటం అంటే బాధతో గిలగిల్లాడటం కదా? సృష్టి మొదట్లో ఆత్మకు ఏం బాధ?

జవాబు: బాధ కాదమ్మా. నీళ్లు దొరక్క అల్లాడిపోయారు అని ఇప్పుడు అంటాం కాబట్టి నీకు అలా వినిపించింది. అక్కడున్న హీబ్రూ మాట పక్షి రెక్కలాడిస్తూ గాలిలో నిలవడాన్ని చెబుతుంది. అదే మాట ద్వితీయోపదేశకాండము 32:11లో వస్తుంది, పక్షిరాజు తన పిల్లల మీద రెక్కలాడించే చోట. మన తెలుగు బైబిలు అక్కడ కూడా 'అల్లాడుచు' అనే రాసింది. కొన్ని కొత్త ఇంగ్లీషు అనువాదాల్లో ఆత్మకు బదులు 'దేవుని గాలి' అని ఉంటుంది, 'రూఅహ్' అనే హీబ్రూ మాటకు ఆ అర్థమూ ఉంది. కానీ గాలి వీస్తుంది గానీ, గూటి మీద పక్షిలా ఒకచోట నిలిచి రెక్కలాడించదు. ఈ రాత్రి ఆ రెండు వచనాలూ పక్కపక్కన పెట్టుకుని చదువు. ఇంకా వెలుగు కూడా పుట్టలేదు, అంతా చీకటి, అడుగు తెలియని నీళ్లు. ఆ నీళ్ల మీద ఆయన అప్పటికే రెక్కలు చాపి ఉన్నాడు.