బ్యాంకు కాంట్రాక్టు వచ్చింది సరే, చెక్స్ ఎప్పటికి అవుతాయి?

ముందు అసలు మాట చెప్పి తర్వాత వివరాల్లోకి పోతాను. లండన్‌లో ఏదో బ్యాంకులో కాంట్రాక్టు పనికి మీరు సెలెక్ట్ అయ్యారని ఉద్యోగాల ఏజెంట్ ఫోన్ చేశాడంటే, ఆ రోజుకు మీకు పని దొరికినట్టు కాదు. సంతకాలు అయిపోయినా సరే, ఆ కాగితంలో ఎక్కడో ఒక మూల 'స్క్రీనింగ్ సవ్యంగా పూర్తయితేనే' అనే వాక్యం ఒకటి ఉంటుంది, మిగతాదంతా దాని తర్వాతే. స్క్రీనింగ్ అన్నా చెక్స్ అన్నా ఒకటే, మీరు చెప్పిన చదువూ ఉద్యోగాలూ అడ్రసులూ నిజమేనా అని చేసే తనిఖీ. కాబట్టి క్లియరెన్స్ మెయిల్ కళ్ళతో చూసేదాకా ఉన్న పనికి నోటీసు ఇవ్వొద్దు, మిగతా ఇంటర్వ్యూలు ఆపొద్దు, ముఖ్యంగా తిరుపతిలో అమ్మానాన్నలకు జాయినింగ్ డేట్ చెప్పొద్దు. చెప్పారంటే సాయంత్రానికల్లా చంద్రగిరి దాకా బంధువులందరికీ తెలిసిపోతుంది, రెండు వారాలు పోయాక "ఏమప్పా, మీవోడు ఇంకా చేరలేదంట?" అని మొదలవుతుంది. అసలు చెక్స్ టెన్షన్ కంటే అది పెద్ద టెన్షన్.

ఇంత ఆలస్యం ఎందుకంటే, బ్యాంకు ఈ పని తనే చేసుకోదు. ఒక స్క్రీనింగ్ కంపెనీకి అప్పగిస్తుంది, ఆ కంపెనీ మన ఇండియా భాగాన్ని అక్కడున్న తన ఆఫీసుకో ఇంకొకరికో పంపుతుంది, వాళ్ళు మీ పాత కంపెనీ హెచ్ఆర్‌కీ యూనివర్సిటీకీ మెయిల్ పెట్టి జవాబు కోసం చూస్తూ ఉంటారు. ఈ వరసలో మీరు ఫోన్ చేసి మాట్లాడగలిగేది ఏజెంట్‌తోనే, లోపల ఏం జరుగుతోందో అతనికీ తెలియదు. సర్వదర్శనం కంపార్ట్‌మెంట్‌లో కూర్చున్నట్టే, గేటు ఎప్పుడు తీస్తారో లోపలున్న ఎవరికీ తెలియదు, కాకపోతే తిరుమలలో పాలూ ఉప్మా అయినా చేతికొస్తాయి, ఇక్కడ కాంట్రాక్టరుకు పనిలో చేరేదాకా పైసా రాదు. బ్యాంకులను అనీ లాభం లేదు. 2016 మార్చి నుంచి ఇక్కడ బ్యాంకుల్లో ఎవరు దేనికి బాధ్యులో తేల్చే నియమాలు గట్టిపడ్డాయి, అవి నేరుగా ప్రతి కాంట్రాక్టరుకూ వర్తించకపోయినా, కస్టమర్ల డబ్బు ఉన్న సిస్టమ్‌లోకి ఎవరినైనా ఊరికే రానివ్వడానికి ఏ బ్యాంకూ ధైర్యం చేయదు.

మామూలుగా గత ఐదేళ్ళ చరిత్ర అడుగుతారు. ఎక్కడ పనిచేశారు, ఎక్కడ ఉన్నారు, మధ్యలో ఖాళీ ఉంటే ఏం చేశారు. ఒక నెల దాటిన ఖాళీ ఏదైనా ఉంటే కారణం, దానికి ఆధారం కావాలంటారు. చెల్లెలి పెళ్ళికని ఊరికి పోయి మూడు నెలలు ఉండిపోయారనుకోండి, పాస్‌పోర్ట్‌లో స్టాంపులు, టికెట్లు, ఆ నెలల బ్యాంకు స్టేట్‌మెంట్లు చాలు. సిగ్గుపడి ఆ మూడు నెలలను పాత ఉద్యోగంలో కలిపి తేదీలు సాగదీసేవాళ్ళు ఉన్నారు, ఖాళీ ఉండటం తప్పు కాదు, సాగదీయడమే చిక్కు తెస్తుంది.

మనవాళ్ళకు నిజంగా నెలలు తినేది ఇండియా కాగితాలు. పేరు దగ్గరే మొదలవుతుంది. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందు ఒక అక్షరంగా ఉంటుంది, పాస్‌పోర్ట్‌లో అదే ఇంటిపేరు పూర్తిగా సర్‌నేమ్ గడిలోకి పోతుంది, పేస్లిప్‌లో ఇంకోలా ఉంటుంది. చూసేవాడికి ముగ్గురు మనుషులు. ఫారం నింపేటప్పుడే 'ఇతర పేర్లు' అన్న చోట ఈ రూపాలన్నీ రాసేయండి, వాళ్ళు అడిగేదాకా ఆగొద్దు. అడ్రసు ఇంకో తంటా. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక శ్రీకాళహస్తివాళ్ళ పాత పాస్‌పోర్ట్‌లో చిత్తూరు జిల్లా, కొత్తగా మార్చుకున్న ఆధార్‌లో తిరుపతి జిల్లా. ఇల్లు అదే, వీధి అదే, ఇది అర్థం చేసుకోవాల్సిన మనిషి మాత్రం జీవితంలో ఆంధ్రా మ్యాపు చూసి ఉండడు. రెండు వాక్యాల వివరణ ముందే రాసి అప్‌లోడ్ చేస్తే సరిపోతుంది.

డిగ్రీ సంగతి. మన చుట్టుపక్కల ఇంజనీరింగ్ కాలేజీల్లో చదివినవాళ్ళకు పట్టా ఇచ్చింది కాలేజీ కాదు, జేఎన్‌టీయూ. 2008లో అది విడిపోయి అనంతపురం వేరయింది కాబట్టి అంతకు ముందు పాసైన సీనియర్ల పట్టా మీద పాత జేఎన్‌టీయూ పేరే ఉంటుంది, ఫారంలో అనంతపురం అని రాస్తే వెరిఫికేషన్ తప్పు చోటికి పోయి తిరిగొస్తుంది. కొన్ని కాలేజీలు ఈ మధ్య ప్రైవేటు యూనివర్సిటీలుగా మారాయి, మీ పట్టా జేఎన్‌టీయూ అనంతపురం ఇచ్చి ఉంటే కాలేజీకి ఇప్పుడున్న కొత్త పేరు రాయొద్దు. పట్టా మీద ఏముందో అదే. ఇంకొకటి, ఓడీ, అంటే ఒరిజినల్ డిగ్రీ పట్టా, తీసుకోకుండానే ఫ్లైట్ ఎక్కినవాళ్ళు చాలామంది, ప్రొవిజనల్‌తో ఇక్కడిదాకా వచ్చారు కదా అని ధీమా. ఈసారి ఊరికి పోయినప్పుడు గోవిందరాజస్వామి గుడి దగ్గర షాపింగుకు పెట్టే టైములో ఒక పూట దీనికి పెట్టండి. పోలీస్ క్లియరెన్స్ అంటే పీసీసీ అడిగితే, ఊళ్ళో ఉన్నప్పుడైతే తిరుపతి పాస్‌పోర్ట్ సేవా కేంద్రం ఉంది, మీరే హాజరు కావాలి, నాన్నను పంపితే కుదరదు. ఇక్కడి నుంచైతే దరఖాస్తులు తీసుకునే వీఎఫ్ఎస్ అనే కంపెనీ ద్వారా ఇండియా హైకమిషన్‌కు పెట్టుకోవాలి. మరీ ముందుగా తీసి పెట్టుకున్నా లాభం లేదు, తాజాదే అడుగుతారు.

ఇప్పుడు కొంచెం చేదు మాట. హైదరాబాద్‌లో ఏదో కన్సల్టెన్సీ పేరు మీద రెండేళ్ళ ఎక్స్‌పీరియన్స్ కొనుక్కుని వచ్చినవాళ్ళు నన్నూ అడుగుతుంటారు, "అన్నా, ఇది పట్టుకుంటారా?" అని. పీఎఫ్ సర్వీస్ హిస్టరీ అడిగితే అందులో ఆ కంపెనీ ఉండదు, ఫారం 16 ఉండదు, జీతం పడిన బ్యాంకు ఖాతా ఉండదు. పట్టుబడితే ఆ ఒక్క కాంట్రాక్టు పోయి ఊరుకోదు. ఇక్కడ సిఫాస్ అని మోసాల వివరాలు పంచుకునే సంస్థ ఉంది, బ్యాంకులు చాలావరకు అందులో సభ్యులు, అప్లికేషన్‌లో అబద్ధం రాశారని అందులో నమోదైతే ఆరేళ్ళపాటు అది కనబడుతూనే ఉంటుంది. ఎక్కడో చిన్న కంపెనీలో ఎనిమిది నెలలే నిజంగా చేశారా, ఆ ఎనిమిదే రాయండి. మూతపడిన కంపెనీ అయినా భయం లేదు, రిలీవింగ్ లెటర్, పేస్లిప్పులు, పాత మేనేజర్ మాట, వీటితో ఒప్పుకుంటారు.

ఇక్కడి వైపు కాగితాలు తేలిక. ఇక్కడి పన్నుల శాఖ హెచ్ఎంఆర్‌సీ యాప్‌లోనే మీ ఉద్యోగాల చరిత్ర దొరుకుతుంది, డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి, ఏటా కంపెనీ ఇచ్చే జీతం, పన్ను కాగితాలు పీ60లు పారేయకండి. సొంత లిమిటెడ్ కంపెనీతో చేసి ఉంటే కంపెనీ రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌తో పాటు అకౌంటెంట్ ఉత్తరం అడుగుతారు. కొత్తగా వచ్చినవాళ్ళకు క్రెడిట్ చెక్‌లో, అంటే అప్పులూ చెల్లింపుల రికార్డు చూసే తనిఖీలో, ఏమీ కనబడకపోవడమే సమస్య. చాలామందికి తెలియదు, కామన్వెల్త్ దేశంవాళ్ళం కాబట్టి సరైన వీసా మీద ఇక్కడ ఉంటున్న మనం ఓటరుగా నమోదు చేసుకోవచ్చు, క్రెడిట్ రిపోర్టులో మీ అడ్రసు రుజువవడానికి అది బాగా పనికొస్తుంది. ఇల్లు మారినప్పుడు ఉత్తరాలు కొత్త చోటికి వచ్చే ఏర్పాటు చేసుకోండి. పాత ఇంటికి వచ్చిన ప్రైవేటు పార్కింగ్ కంపెనీ నోటీసు మీరు చూడకపోతే అది కోర్టు దాకా పోయి సీసీజే, అంటే బాకీ కట్టమనే కోర్టు తీర్పు, కావచ్చు, నెలలోపు పూర్తిగా కట్టేస్తే రికార్డు నుంచి తీసేస్తారు, దాటితే ఆరేళ్ళు ఉంటుంది. స్కిల్డ్ వర్కర్ వీసా మీద ఉన్నవాళ్ళు అసలు ఈ కాంట్రాక్టుల జోలికే పోకూడదు, మీ వీసా స్పాన్సర్ చేసిన ఉద్యోగానికి ముడిపడి ఉంటుంది. డిపెండెంట్, గ్రాడ్యుయేట్ వీసావాళ్ళూ ఐఎల్ఆర్, అంటే ఇక్కడ శాశ్వతంగా ఉండే అనుమతి, ఉన్నవాళ్ళూ అయితే వేరే సంగతి. వాళ్ళకు కూడా ఒక చిన్న జాగ్రత్త, పని చేసే హక్కు ఉందని చూపించే షేర్ కోడ్ 90 రోజులే పనిచేస్తుంది, చెక్స్ సాగితే కొత్తది తీసి ఇవ్వాలి.

ఇక వెంటపడే పద్ధతి. "అయిందా?" అని అడిగితే "నడుస్తోంది" అంటారు, అంతే. "ఏ ఐటెం పెండింగ్‌లో ఉంది, ఎవరి జవాబు రావాలి, దాని బదులు నేను ఏమివ్వచ్చు?" అని మెయిల్‌లో అడగండి, ఏజెంట్‌కూ స్క్రీనింగ్ కంపెనీకీ కలిపి, వారానికి రెండుసార్లు. రోజూ నాలుగు ఫోన్లు చేస్తే మీ ఫోన్ ఎత్తడం మానేస్తారు. పాత కంపెనీ హెచ్ఆర్ జవాబివ్వకపోతే అక్కడ ఇంకా పనిచేస్తున్న స్నేహితుడిని కదిలించండి, ఆ మెయిల్ ఎవరి ఇన్‌బాక్స్‌లో పడి ఉందో అతనే కనుక్కోగలడు. సంక్రాంతి వారంలో ఎవరినీ కదిలించలేరు, ఆ లెక్క ముందే వేసుకోండి.

కొన్ని బ్యాంకులు ముఖ్యమైన చెక్స్ అయితే చాలు, మిగతావి నడుస్తుండగానే పనిలోకి రానిస్తాయి. ఏజెంట్ తనంతట తాను చెప్పకపోవచ్చు, మీరే అడగండి. అలా చేరాక ఏదైనా తేడా వస్తే అదే రోజు ల్యాప్‌టాప్ వెనక్కి తీసుకుని పంపేస్తారు, కాబట్టి కాగితాలన్నీ కచ్చితంగా ఉన్నవాళ్ళే ఆ దారి తీసుకోవాలి. తక్కినవాళ్ళు కనీసం రెండు మూడు నెలల అద్దె చేతిలో ఉంచుకుని, ఊళ్ళో ఈఎంఐలు ఏవైనా ఉంటే వాటికి కూడా పక్కన పెట్టుకుని, ఈలోపు వచ్చిన ఇంకో ఇంటర్వ్యూకు పోయి రండి. రెండోది ముందు క్లియర్ అయితే దాంట్లోనే చేరండి, మొదటి ఏజెంట్ కోపగించుకుంటాడు, రెండు నెలలకు మళ్ళీ అతనే ఫోన్ చేస్తాడు.