పచ్చి గుడ్లు, కాఫీ లేకుండా ఇంట్లో నిమ్మకాయ తిరమిసు ఎలా చేయాలి?

తిరమిసు అంటే కాఫీలో ముంచిన బిస్కెట్లు, క్రీమ్ పొరలు పొరలుగా పేర్చే ఇటలీ తీపి వంటకం. కాఫీ బదులు నిమ్మ పాకం వాడితే సరి. ఇటలీలో ఇందులో లిమోంచెల్లో అనే నిమ్మ మద్యం కూడా పోస్తారు. అది లేకపోయినా లోటేమీ ఉండదు.

అర కప్పు నీళ్లలో పావు కప్పు చక్కెర కరిగించి దించండి. చల్లారాక పావు కప్పు నిమ్మరసం కలపండి.

అసలు టెన్షన్ క్రీమ్ దగ్గరే. 250 గ్రాముల మస్కార్‌పోనే అనే ఇటలీ క్రీమ్ చీజ్‌ని గరిటెతో మెత్తగా చేసుకోండి. దాన్ని బీటర్‌తో ఎక్కువసేపు గిలకొడితే విరిగి పలుకులు పలుకులుగా అవుతుంది. పచ్చి గుడ్ల బదులు 200 మి.లీ. చల్లటి విప్పింగ్ క్రీమ్‌ని 60 గ్రాముల చక్కెర పొడి, రెండు నిమ్మకాయల తొక్క తురుము వేసి విడిగా గిలకొట్టి, చీజ్‌లో కింది నుంచి పైకి నెమ్మదిగా కలపండి. క్రీమ్ ముందే తియ్యగా ఉంటే చక్కెర సగానికి తగ్గించండి. మన చిన్న నిమ్మకాయల తొక్క మరీ పల్చన, తురుముతుంటే కింది తెల్ల పొర కూడా వచ్చి చేదెక్కుతుంది. దళసరి తొక్క ఉన్న పసుపు లెమన్ దొరికితే మేలు.

సవోయార్డి (లేడీ ఫింగర్) బిస్కెట్లను పాకంలో ఇటు ఒక సెకను, అటు ఒక సెకను ముంచి తీసేయండి. విరిచి చూస్తే మధ్యలో ఇంకా పొడిగా ఉండాలి, నానితే అడుగంతా చిత్తడే. వీటిలో గుడ్డు ఉంటుంది, అస్సలు తిననివాళ్లు ఎగ్‌లెస్ స్పాంజ్ కేక్ ముక్కలు వాడుకోవచ్చు.

బిస్కెట్లు, క్రీమ్, మళ్లీ బిస్కెట్లు, క్రీమ్. మూతపెట్టి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచండి. ఫ్రీజర్‌లో మాత్రం వద్దు.