ముక్కు ఆపరేషన్‌కు అమ్మాయి చదువు డిపాజిట్ తీయాలా?

ప్రశ్న: మాది ఒడిశాలోని పర్లాకిమిడి. వయసు 41. రైస్ మిల్లులో గుమస్తాగా నెలకు 19,500 రూపాయలు వస్తాయి. నా భార్య కుట్టుపని మీద అయిదారు వేలు తెస్తుంది. పదేళ్లుగా ముక్కు దిబ్బడ, తలబరువు, రాత్రి నోటితోనే ఊపిరి. ముక్కు దూలం వంకరగా ఉందని, సైనస్‌లలో కండ పెరిగిందని, రెండిటికీ ఒకేసారి ఆపరేషన్ చేయాలని విశాఖపట్నంలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చెప్పి 1,10,000 రూపాయల అంచనా ఇచ్చారు. పాప డిగ్రీ చదువుకని పోస్టాఫీసులో రెండేళ్లకు వేసిన 1,40,000 రూపాయలు వచ్చే జూన్‌లో చేతికొస్తాయి. అవి ఇప్పుడే తీయాలా, బంగారం తాకట్టు పెట్టాలా? ఇప్పుడు ఆరోగ్య బీమా కట్టి రెండు నెలలాగి చేయించుకోమని మా బావమరిది అంటున్నాడు. పాతపట్నంలో అత్తవారి చిరునామా మీద ఆంధ్ర రేషన్ కార్డు తీసుకోమని మరొకరు చెబుతున్నారు.

జవాబు: డబ్బు సంగతికి ముందు మీ డాక్టరుగారిని అడగవలసిన మాట ఒకటుంది: ఈ ఆపరేషన్ ఆరేడు నెలలు ఆగితే ప్రమాదమా? ముక్కు దూలం, కండ సమస్యల్లో చాలామందికి అనువైన సమయం చూసుకొనే వెసులుబాటు ఉంటుంది. అయితే కన్ను చుట్టూ వాపు, చూపులో తేడా, తీవ్రమైన తలనొప్పితో కూడిన జ్వరం వంటివి కనిపిస్తే నేను కింద రాసే లెక్కలన్నీ పక్కన పెట్టి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. డాక్టరుగారు ఆగవచ్చునంటే, ఆ వ్యవధే మీకు అన్నిటికంటే ఎక్కువ డబ్బు మిగిల్చే సాధనమవుతుంది.

మీ బావమరిదిగారి సలహా పనికిరాదు. కొత్త పాలసీల్లో ప్రమాదాలకు తప్ప మొదటి 30 రోజులు ఏ జబ్బుకూ చెల్లింపు ఉండదు. ఆ తరువాత కూడా సైనస్, ముక్కు దూలం చికిత్సలను చాలా కంపెనీలు పేరు పెట్టి మరీ రెండేళ్ల నిరీక్షణ జాబితాలో ఉంచుతాయి. అంతకుముందే ఉన్న జబ్బులకు ఈ గడువు గరిష్ఠంగా మూడేళ్ల దాకా ఉండవచ్చునని 2024లో వచ్చిన నిబంధనలు చెబుతున్నాయి. జబ్బు దాచి పాలసీ తీసుకొంటే, డాక్టరు చీటీలో ఉన్న ‘పదేళ్లుగా’ అన్న ఒక్క మాటతో క్లెయిమ్ పోతుంది, పాలసీ కూడా రద్దు కావచ్చు. మీ ఇంటికి బీమా అవసరమే, కానీ అది ఈ ముక్కు కోసం కాదు. ఉన్న జబ్బును ఉన్నట్టు రాసి, రేపు రాబోయే వేరే కష్టాల కోసం తీసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమాపై జీఎస్టీ తీసేశారు కనుక ఆ భారం కొంత తగ్గింది.

రెండు రాష్ట్రాల్లో రెండు కార్డులు ఉంచుకోవడం సరిహద్దు ఊళ్లలో మామూలు మాటగా వినబడుతుంది గాని, ఆధార్ అనుసంధానమయ్యాక అలాంటివి సులువుగా బయటపడుతున్నాయి. ఆ కార్డుతో దొరుకుతుందనుకొనే ఉచిత వైద్య పథకం, ఎన్టీఆర్ వైద్య సేవ, ఆంధ్రప్రదేశ్ నివాసులకోసం ఉద్దేశించినది. దానికోసం వెళ్లి ఒడిశాలో ఉన్న బియ్యం కార్డు పోగొట్టుకొంటే రెంటికీ చెడతారు. పైగా మీకు ఆ అవసరమే ఉండకపోవచ్చు. ఒడిశాలో 2025 ఏప్రిల్ నుంచి కేంద్ర వైద్య పథకం ఆయుష్మాన్ భారత్, రాష్ట్ర పథకం గోపబంధు జన ఆరోగ్య యోజన కలిసి అమలవుతున్నాయి. అర్హత ఉన్న కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయలు, ఆడవారికి అదనంగా మరో 5 లక్షల రూపాయల వరకు చికిత్స అందుతుంది. మీది ఆహార భద్రత రేషన్ కార్డు అయితే ముందుగా ఈ అర్హతే సరిచూసుకోండి. ఆయుష్మాన్ కార్డు పరాయి రాష్ట్రంలోని నమోదైన ఆసుపత్రిలో కూడా చెల్లుతుంది. అందువల్ల విశాఖపట్నం ఆసుపత్రివారిని ‘కార్డు తీసుకొంటారా’ అని మాత్రమే అడిగి ఊరుకోకండి. ఒడిశా కార్డు చెల్లుతుందా, చెవి ముక్కు గొంతు విభాగం వారి నమోదులో ఉందా, మీకు రాసిన రెండు ఆపరేషన్లకూ ఒకేసారి అనుమతి వస్తుందా అని విడివిడిగా అడగండి. ఆయుష్మాన్ సహాయ నంబరు 14555కు ఫోన్ చేసినా మొదటి రెండిటికీ సమాధానం దొరుకుతుంది. ఈ పథకంలో, ఆసుపత్రిలో చేరడానికి ముందు 3 రోజులు, ఇంటికి పంపాక 15 రోజుల మందులు, పరీక్షలు కూడా కలిసి ఉంటాయి.

మీరు రాయని విషయం మరొకటి ఉంది. మీ జీతం నెలకు 21,000 రూపాయల లోపే గనుక మిల్లు ఈఎస్ఐ (ఉద్యోగుల ప్రభుత్వ బీమా) పరిధిలో ఉన్నదేమో జీతం చీటీ తీసి చూడండి. మీ జీతంలో 0.75 శాతం కోత పడుతున్నదంటే చికిత్స హక్కు మీకున్నట్టే. చందా రోజులు సరిపోతే, డాక్టరు ధ్రువీకరించిన సెలవు రోజులకు జీతంలో 70 శాతం, ఏడాదిలో 91 రోజుల దాకా వస్తుంది. ఆపరేషన్ తరువాత ఊక, తవుడు ఎగిరే చోటికి వెంటనే వెళ్లలేని మీకు ఆ సెలవు జీతం చిన్న విషయం కాదు. ఇవేవీ కుదరకపోతే బరంపురం ఎంకేసీజీ వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది, విశాఖపట్నంలో ప్రభుత్వ చెవి ముక్కు గొంతు ఆసుపత్రి ఉంది. అక్కడ నిరీక్షణ ఉంటుంది. ఆపరేషన్ నిజంగా అవసరమా అన్న రెండో అభిప్రాయానికైనా ఒకసారి చూపించుకోవడం మంచిది.

అన్ని దారులూ మూసుకొని సొంత డబ్బే పెట్టవలసి వస్తే, ఆ అంచనా కాగితాన్ని నేను నమ్మను. సీటీ స్కాన్, మత్తు డాక్టరు ఫీజు, కండ కోసే పరికరపు బ్లేడు, తీసిన కండకు బయాప్సీ, ఆ తరువాత ముక్కు లోపల శుభ్రం చేసే రెండు మూడు విడతలు అందులో ఉన్నాయా అని రాతపూర్వకంగా అడగండి. అవి లేకుంటే 1,10,000 అన్నది మొదటి మెట్టు మాత్రమే. బంగారు రుణానికి ఏడాదికి 12 శాతం వడ్డీ అనుకొంటే నెలకు 1,100 రూపాయలు వడ్డీకే పోతాయి. పోస్టాఫీసు డిపాజిట్‌ను ఏడాది దాటాక గడువుకు ముందు మూస్తే, నిండిన ఏడాదికి వర్తించే రేటులో 2 శాతం కోత పడుతుంది, మీ మొత్తం మీద దాదాపు 2,800 రూపాయలు. పైకి చూస్తే తాకట్టు కంటే ఇది చవకగా కనిపిస్తుంది. కానీ ఖాతా మొత్తం మూయాలి, మిగిలిన 30,000 ఇంటి ఖర్చుల్లో కరిగిపోతాయి, జూన్‌లో పాప ఫీజుకు మీరు మళ్లీ అప్పుకే వెళతారు. అందువల్ల డాక్టరుగారు ఒప్పుకొంటే డిపాజిట్ గడువు తీరనిచ్చి, ముందు ఫీజు కట్టి, మిల్లులో పని పలచబడే ఆషాఢ శ్రావణాల్లో ఆపరేషన్ పెట్టుకోండి. తక్కువపడే మొత్తానికి మాత్రమే తాకట్టు పెట్టండి.

చివరగా, ఆపరేషన్‌తో ఖర్చు ఆగిపోతుందని లెక్క వేసుకోకండి. దూలం సరిచేస్తే గాలి దారి తెరుచుకొంటుంది గాని అలర్జీ పోదు. కండ కొందరిలో తిరిగి పెరుగుతుంది. అందుకే చాలామందికి ఉప్పునీటితో ముక్కు కడుక్కోవడం, స్టెరాయిడ్ స్ప్రే నెలల తరబడి కొనసాగుతాయి, ఆ బయటి మందులకు సాధారణంగా బీమా రాదు. ఇప్పుడు దుకాణంలో అడిగి కొనే దిబ్బడ చుక్కలు వారం దాటి వాడుతున్నారేమో డాక్టరుకు చెప్పండి. అవి అతిగా వాడితే దిబ్బడ పెంచుతాయి, డబ్బూ పోతుంది. స్ప్రే మందు జెనరిక్ పేరుతో రాయించుకొని జన ఔషధి దుకాణంలో ధర అడగండి. ఆ నెలసరి మొత్తం తెలిశాక, ఆపరేషన్ నిధితో కలపకుండా ఇంటి బడ్జెట్‌లో కరెంటు బిల్లు పక్కన దానికొక వరుస కేటాయించండి. డిశ్చార్జి కాగితం, బయాప్సీ నివేదిక భద్రంగా దాచండి, తరువాత పాలసీ తీసుకొనేటప్పుడు వాటినే చూపవలసి ఉంటుంది.