మోటర్‌హోమ్‌లో వాటా కొనే ముందు మోకాలి లెక్క చూడండి

ప్రశ్న: నాకు 27 ఏళ్లు. వేసవిలో ఇళ్లకు చెక్కపని చేస్తాను, చలికాలమంతా స్కీయింగే. వచ్చే చలికాలం నలుగురు మిత్రులం కలిసి ఒక పాత మోటర్‌హోమ్ (లోపలే పడక, వంటగది ఉండే బండి) కొని, 4 నెలలు ఊరూరా తిరుగుతూ స్ట్రీట్ స్కీయింగ్ వీడియో తీయాలనుకుంటున్నాం. నా పొదుపు 18 నెలల ఖర్చులకు సరిపోతుంది. బండిలో నా వాటాకు అందులో సగం పోతుంది. పెట్టొచ్చా?

జవాబు: వెళ్లండి. వాటా మాత్రం కొనకండి.

నాకు స్కీలు కట్టుకుని నిలబడటమే రాదు. అందుకే మీ ఉత్తరం చదివాక ఇలాంటి వీడియోలు ఓ అరడజను చూశాను. కొండ మీద కాకుండా ఊళ్లో మెట్ల పక్కనుండే ఇనుప రెయిలింగ్ మీద జారడం, గోడ మీంచి దూకడం! పైకి చేర్చే లిఫ్ట్ ఉండదు కాబట్టి వించ్‌కు (తాడును చుట్టుకుంటూ లాగే యంత్రానికి) కట్టిన తాడు పట్టుకుని వేగం అందుకుంటున్నారు. జారి వచ్చే దారికీ, కింద దిగే చోటుకీ పారలతో మంచు ఎత్తిపోసుకుంటున్నారు. తెర మీద మూడు సెకన్లు కనిపించే దాని కోసం ఒక పూటంతా, కొన్నిసార్లు ఒక రాత్రంతా పడిలేస్తున్నారు. ఆ పడటమే నన్ను కాగితం, పెన్ను పట్టుకునేలా చేసింది.

మీ లెక్క ఇలా ఉంది. 18 నెలల డబ్బులో 9 బండికి పోతే మిగిలేవి 9. డీజిల్, తిండి, గ్యాస్, రిపేర్లు అన్నీ కలిపి రోడ్డు మీద 4 నెలలకు మీ ఇంటి లెక్కన 5 నెలల డబ్బు అవుతుందనుకుందాం. చేతిలో ఉండేది 4 నెలల డబ్బు. ఇప్పుడు మోకాలి సంగతి. ఈ ఆటలో తెగేది ఎక్కువగా ఏసీఎల్, అంటే మోకాలి లోపల ఎముకలను కలిపి ఉంచే లిగమెంట్. ఆపరేషన్ అయితే మళ్లీ ఆటలోకి రావడానికి మామూలుగా 9 నెలల నుంచి ఏడాది పడుతుంది. కూర్చుని చేసే ఉద్యోగమైతే కొన్ని వారాలకే వెళ్లొచ్చు. మీది నిచ్చెనలెక్కే పని, కాబట్టి 6 నెలలు సంపాదన లేదనే రాసుకోండి. 4 నెలల డబ్బుతో 6 నెలలు గడవాలి. వైద్యం ఖర్చు నేనింకా కలపనే లేదు.

దీనికి దారి ఉంది. నలుగురిలో స్తోమతున్న ఒకరు బండి తన పేరున కొనుక్కోవాలి, మిగతా ముగ్గురు నెలనెలా అద్దె ఇవ్వాలి. సీజన్ అయ్యాక బండి మూడింట రెండొంతుల ధరకు అమ్ముడైందనుకోండి. 9 నెలల వాటాలో మీకు 6 తిరిగొస్తాయి, 3 పోయినట్టు. అద్దెగా కూడా మొత్తం ఆ 3 నెలల డబ్బే ఇవ్వండి. నష్టంలో తేడా లేదు. తేడా అంతా ఫిబ్రవరిలో మోకాలు వాచిన రోజున మీ డబ్బు ఎక్కడుందన్న దాంట్లోనే. అద్దె పద్ధతిలో 10 నెలల ఖర్చు మీ ఖాతాలోనే ఉంటుంది. వాటా పద్ధతిలో ఆ డబ్బు చక్రాల మీద ఉంటుంది, దాన్ని అమ్మాలంటే మిగతా ముగ్గురూ ఒప్పుకోవాలి. ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందని మన పెద్దలు ఊరికే అనలేదు.

మూడింట రెండొంతులన్నది కూడా ఆశతో వేసిన లెక్కే. మోటర్‌హోమ్‌లకు గిరాకీ వసంతంలో పెరుగుతుంది, మీరు అమ్మేదీ అప్పుడే, అంతవరకు బాగానే ఉంది. కానీ చలికాలమంతా, మంచు కరగడానికి ఉప్పు చల్లిన రోడ్ల మీద తిరిగిన బండి ఇది. తెలిసిన కొనుగోలుదారు ముందు కిందికి వంగి తుప్పు చూస్తాడు, ఆ తర్వాతే లోపలి సోఫాలు. పైపుల్లో నీళ్లు గడ్డకట్టి పగిలిన ఆనవాళ్లు కనబడ్డాయా, బేరం ఇంకా దిగుతుంది.

చలి వల్ల తడిసి మోపెడయ్యే ఖర్చులు కొన్ని మీ ప్లాన్‌లో లేవు. బ్యూటేన్ గ్యాస్ సున్నా డిగ్రీల దగ్గరే ఆవిరవడం మానేస్తుంది. ప్రొపేన్ మైనస్ 42 దాకా పనిచేస్తుంది కాబట్టి సిలిండర్ అదే తీసుకోండి. కెమెరాలు, లైట్ల కోసం లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ పెట్టే ఆలోచన ఉంటే, సున్నాకు దిగువన దాన్ని ఛార్జ్ చేస్తే పాడవుతుంది. వేడి ఉండే చోట బిగించాలి, లేదా లోపల హీటర్ ఉన్నది కొనాలి. వెచ్చని ప్రాంతంలో నింపుకున్న డీజిల్ గడ్డు చలిలో మైనంలా పేరుకుని ఫిల్టర్‌కు అడ్డం పడుతుంది. బరువూ చూసుకోండి. యూరప్‌లో కారు నడిపే మామూలు బి లైసెన్సుతో 3,500 కిలోల బండి దాకే నడపొచ్చని చాలా దేశాల్లో నియమం. నలుగురు మనుషులు, వించ్, జనరేటర్, స్కీలు, ట్యాంకు నిండా నీళ్లు... సామానంతా ఎక్కించి ఒకసారి వేబ్రిడ్జి మీద తూకం వేయించండి. పరిమితి దాటితే జరిమానాతో పోదు, ప్రమాదం జరిగినప్పుడు క్లెయిమ్‌కు కొర్రీ పెట్టడానికి ఇన్సూరెన్స్ కంపెనీకి అదో సాకు.

ఇన్సూరెన్స్ మాట వచ్చింది కాబట్టి చెబుతున్నా, ప్రయాణ పాలసీలో ‘వింటర్ స్పోర్ట్స్’ అని కనబడగానే సంతకం పెట్టేయకండి. స్టంట్లు, డబ్బు కోసం చేసే చిత్రీకరణ, అనుమతి లేని చోట చేసే పనులు చాలా పాలసీల్లో మినహాయింపుల కింద ఉంటాయి. మీరు చేసేవి సరిగ్గా ఆ మూడే! “ఊళ్లో మెట్ల రెయిలింగ్ మీద, వించ్ సాయంతో స్కీయింగ్ చేస్తాం, కెమెరాతో తీస్తాం” అని ఉన్నదున్నట్టు మెయిల్ రాసి, కవర్ అవుతుందో లేదో రాతపూర్వకంగా తెప్పించుకోండి. ఫోన్లో “ఆ, అవుతుందండీ” అంటే కుదరదు. మీ వించ్ తాడు తగిలి దారినపోయేవారు పడినా, ఎవరి కిటికీ అద్దమో పగిలినా చెల్లించే లయబిలిటీ కవర్ గురించి కూడా విడిగా అడగండి.

వీడియో మీద వచ్చే ఆదాయాన్ని ఈ లెక్కలో నేను సున్నా అనే వేశాను. చలికాలంలో తీసిన స్కీ సినిమాలు సాధారణంగా శరదృతువులో విడుదలవుతాయి. స్పాన్సర్ డబ్బిచ్చినా, ఖర్చు పెట్టిన ఎన్నో నెలలకు గానీ అది చేతికి రాదు. వస్తే మంచిదే, అత్యవసర నిధిలో వేసుకోండి. లైసెన్సు లేని పాట పెట్టారంటే ఏ కంపెనీ కూడా ఆ వీడియోను వాడుకోలేదు, ఆ సంగతి ఎడిటింగ్‌కు ముందే తేల్చుకోండి.

చివరిగా, ఒక కాగితం. ఫుటేజ్ ఎవరిది? కెమెరా పట్టుకున్నవారిదా, రెయిలింగ్ మీంచి పడినవారిదా, నలుగురిదా? మధ్యలో ఒకరు ఇంటికి పోతే మిగిలిన నెలల అద్దె ఎవరు కడతారు? ఇంజిన్ పోతే యజమానే చేయించాలా, అందరూ పంచుకోవాలా? ఒక పేజీలో రాసుకుని నలుగురూ సంతకాలు పెట్టండి. స్నేహితుల మధ్య సంతకాలేంటని మొహమాటపడతారేమో. ముందు పది రోజులకు ఒక మోటర్‌హోమ్ అద్దెకు తీసుకుని, గడ్డు చలిలో నలుగురూ అందులోనే పడుకోండి. తడి బూట్లు ఎక్కడ ఆరబెట్టాలన్న దగ్గర తొలి గొడవ మొదలవుతుంది. కాగితం ఆ మర్నాడు రాసుకోండి.