ఇంగ్లీషు సాహిత్య యుగాలు చదవబోయే మా అమ్మాయికి

బుజ్జమ్మా,

నువ్వు ఎం.ఏ. ఇంగ్లీషులో చేరావని మీ నాన్న చెప్పినప్పటినుంచీ రాద్దామనుకుంటూనే ఉన్నాను, నువ్వు పంపిన ఫోటో చూశాక ఇక ఆగలేకపోయాను. గోడకి అంటించిన ఆ చార్టు, అందులో ఓల్డ్ ఇంగ్లీష్ నుంచి పోస్ట్‌మోడర్న్ దాకా యుగాలు, పక్కన సంవత్సరాలు, వాటి పక్కన కవుల పేర్లు, ఇదంతా బట్టీ పట్టాలని టెన్షన్ పడుతున్నావు. చార్టు చింపెయ్యమనను. కానీ చదువు అక్కడ మొదలుపెట్టకు. ఏళ్ల తరబడి ఈ పేపరే చెప్పినవాణ్ణి కనక గట్టిగా చెబుతున్నాను, ఒక యుగం పోయి ఇంకోటి ఎందుకొచ్చిందో అర్థమైతే తేదీ దానంతటదే గుర్తుంటుంది. ఎందుకో తెలియని తేదీ పరీక్ష హాల్లోనే జారిపోతుంది.

ముందు ఒకటి గమనించు. ఆ పేర్లన్నీ ఒకే లెక్కన పెట్టినవి కావు. ఎలిజబెతన్, జాకోబియన్, విక్టోరియన్ అనేవి సింహాసనం మీద ఎవరున్నారన్న దాన్నిబట్టి వచ్చాయి, రెస్టొరేషన్ 1660లో రాజరికం తిరిగి రావడాన్ని బట్టి, రొమాంటిక్ అనేది కవిత్వం తీరును బట్టి, అదీ తర్వాతివాళ్లు స్థిరపరిచిన పేరు. అందుకే ఒకదాని అంచు ఇంకోదాని మీద పడుతుంది. షేక్‌స్పియర్ ఎలిజబెతన్ అని రాసేసి వదిలేస్తారు పిల్లలు. ఎలిజబెత్ 1603లో పోయింది, కింగ్ లియర్, మాక్‌బెత్ ఆ తర్వాత జేమ్స్ రాజు కాలంలోవి, అంటే జాకోబియన్.

మొదటి భాగం మీద మరీ ఎక్కువ రోజులు పెట్టకు. ఓల్డ్ ఇంగ్లీష్ వీరగాథ బేవుల్ఫ్‌ని ఆధునిక ఇంగ్లీషు అనువాదంలో చదువు, మూలం కాస్త విను, చాలు. 1066లో నార్మన్లు గెలిచాక దర్బారులో ఫ్రెంచి కూర్చుంది (మన నన్నయ శతాబ్దం కూడా అదే, అలా గుర్తుపెట్టుకో). కోర్టు వాదనలు ఇంగ్లీషులో జరగాలని చట్టం రావడానికి 1362 దాకా పట్టింది, కాంటర్‌బరీ కథలు రాసిన కవి ఛాసర్ కలం పట్టింది సరిగ్గా ఆ మలుపు దగ్గర. 1476లో కాక్స్‌టన్ వెస్ట్‌మిన్‌స్టర్‌లో అచ్చుయంత్రం పెట్టాడు, ఛాసర్ కథలూ అచ్చేశాడు. ఈ మూడు విషయాలు పట్టుకుంటే మధ్యయుగం నీ చేతిలో ఉన్నట్టే.

నువ్వు నిజంగా కూర్చోవాల్సిన చోటు 1642 నుంచి 1667 దాకా. అంతర్యుద్ధం మొదలైంది, పార్లమెంటు నాటకశాలలు మూయించింది, 1649లో రాజు తల తీశారు. ఆ కొత్త ప్రభుత్వానికి లాటిన్ ఉత్తరాలు రాసిపెట్టినవాడు మిల్టన్, ఆ కొలువులో ఉండగానే 1652 నాటికి చూపు మొత్తం పోయింది. 1660లో ఆ రాజు కొడుకు రెండో చార్లెస్ తిరిగొచ్చాడు, నాటకశాలలు తెరుచుకున్నాయి, ఇంగ్లీషు వృత్తి నాటకరంగం మీదికి ఆడవాళ్లు నటులుగా వచ్చారు, డ్రైడెన్ ద్విపదలకు రోజులొచ్చాయి. మిల్టన్ మాత్రం కొన్నాళ్లు దాక్కున్నాడు, జైల్లో పడ్డాడు, బయటపడి, తాను నమ్మిన రాజ్యం కూలిపోయిన ఆ ఊళ్లోనే కూర్చుని ఎవరిచేతో రాయించి 1667లో ప్యారడైజ్ లాస్ట్ అచ్చువేయించాడు, అదీ అంత్యప్రాస లేకుండా. తేదీ చూస్తే రెస్టొరేషన్, పద్యం చూస్తే అంతకుముందు కాలం మనిషి. ఆయన్ని ఏ గడిలో పెట్టాలని పరీక్షలో అడిగితే ఈ సంగతంతా రాయి, దిద్దేవాడికి నువ్వు చదివావని తెలుస్తుంది.

పోప్, జాన్సన్ల కాలానికి కాఫీ హౌసులు, పత్రికలు చూడు, 1709 టాట్లర్, 1711 స్పెక్టేటర్. ఆ వ్యాసాల్లో ఒక రెండు చదివితే చాలు. రొమాంటిక్స్ దగ్గరికొచ్చేసరికి నీకు సగం తెలిసిన ఇల్లే, కృష్ణశాస్త్రిని ఆంధ్రా షెల్లీ అన్నారు కదా. అయితే వర్డ్స్‌వర్త్, కోల్‌రిడ్జ్‌ల లిరికల్ బాలడ్స్ వచ్చిన 1798ని, ఫ్రెంచి విప్లవం మొదలైన 1789 లేకుండా చదవకు. వర్డ్స్‌వర్త్ విప్లవం రోజుల్లో ఫ్రాన్స్‌లో ఉండి వచ్చినవాడు, మామూలు జనం మాట్లాడే భాషలో కవిత్వం రాయాలన్న పట్టుదల ఆ పుస్తకానికి 1800లో రాసిన ముందుమాటలో కనిపిస్తుంది. అదే కాలంలో నవలాకారిణి జేన్ ఆస్టిన్ పూర్తిగా వేరే దారిలో రాస్తోంది, మర్చిపోకు.

విక్టోరియన్ల విషయంలో ఒక జాగ్రత్త. విశ్వాసం సడలడమంతా డార్విన్ 1859 పుస్తకం వల్లే అని గైడుల్లో ఉంటుంది. టెన్నిసన్ ఇన్ మెమోరియమ్ 1850లోనే వచ్చింది, భూగర్భశాస్త్రం అప్పటికే ఆయన్ని కుదిపేసింది. కవి హాప్కిన్స్ అయితే 1889లో చనిపోయాడు, కవితలు పుస్తకంగా 1918లో గానీ రాలేదు, చదివినవాళ్లు మోడర్నిస్టులు. 1922లో జాయిస్ నవల యులిసిస్, ఎలియట్ కావ్యం ది వేస్ట్ లాండ్ రెండూ వచ్చాయి, వాటికి మొదటి ప్రపంచయుద్ధం ఎంత అవసరమో నీకు క్లాసులో చెబుతారు.

నీ నోట్సులో ఒక్కో యుగానికి ఒక్క పేజీ ఇచ్చి నీ సొంత మాటల్లో రాసుకో, అధికారం ఎవరిది, చదివేవాళ్లెవరు, పుస్తకం వాళ్ల చేతికి ఎలా చేరింది, ఆ యుగంలోకి సరిగ్గా ఇమడనిది ఎవరు. ఒక్కో యుగంనుంచి ఒక్క రచనైనా మూలంలో చదువు, సారాంశాలు వద్దు. దసరాకి వచ్చేటప్పుడు ఆ పదిహేడో శతాబ్దం పేజీ తీసుకురా, ప్యారడైజ్ లాస్ట్ మొదటి పుస్తకం ఇద్దరం కలిసి పైకి చదువుదాం, నీకు అడ్డొచ్చే వాక్యాలకి పెన్సిల్‌తో గీత పెట్టి ఉంచు.

మీ పెదనాన్న