1,64,000 కిలోమీటర్లు తిరిగిన డిజైర్‌కు 3,60,000 పెట్టొచ్చా?

ప్రశ్న: మాది ఖమ్మం. ప్రైవేటు జూనియర్ కాలేజీలో లెక్చరర్‌ని, జీతం 46,000. ఇంటి ఖర్చులు నెలకు 33,000 అవుతాయి. అమ్మను నెలకోసారి హైదరాబాద్ ఆసుపత్రికి తీసుకెళ్లే అద్దె కారు 6,500 కూడా అందులోనే. బ్యాంకులో 5 లక్షల ఎఫ్‌డీ ఉంది. విజయవాడలో ఒక డిజైర్ డీజిల్ చూశాం. ఏపీ 16 నంబరు, 2014 ఆగస్టు రిజిస్ట్రేషన్, సెకండ్ ఓనర్, 1,64,000 కిలోమీటర్లు తిరిగింది. 3,60,000 చెబుతున్నారు. డీజిల్ ఇంజిన్‌కు 3 లక్షల కిలోమీటర్ల దాకా ఢోకా లేదని మా బావమరిది, అన్ని కిలోమీటర్లు తిరిగిన బండి మనకెందుకని మా ఆవిడ. అద్దెకు పోసే డబ్బుతో సొంత కారే వస్తుంది కదా అని నా ఆలోచన. ఎఫ్‌డీ తీయాలా, ఫైనాన్స్‌కు వెళ్లాలా?

జవాబు: ఈ బండి ఈ ధరకు వద్దండీ. అయితే మీ ఆవిడ భయపడుతున్న కారణం వేరు, నేను వద్దనే కారణం వేరు.

1,64,000 అన్న అంకెను చూసి జడుసుకోనక్కర్లేదు. 2014 బండికి అది ఏడాదికి 15,000 కిలోమీటర్ల లోపే పడుతుంది. ఆ వయసున్న డీజిల్ కారు 55,000 మాత్రమే తిరిగిందని ఎవరైనా చెబితే అప్పుడు అనుమానించాలి, మీటరు తిప్పారేమోనని. ఇంజిన్ గట్టిదన్న మీ బావమరిది మాటలోనూ నిజముంది. అది ఫియట్ 1.3 మల్టీజెట్. స్విఫ్ట్, రిట్జ్ లాంటి కార్లలోనూ అదే పెట్టారు కాబట్టి, మారుతి 2020లో డీజిల్ కార్లు ఆపేసినా, సామాన్లకూ తెలిసిన మెకానిక్‌లకూ ఇబ్బంది లేదు.

అసలు చూడాల్సింది ఆ కారు ఎంత తిరిగిందన్నది కాదు, మీరు ఎంత తిప్పుతారన్నది. ఖమ్మం నుంచి హైదరాబాద్ వెళ్లి రావడం 400 కిలోమీటర్లు. ఊళ్లో పనులకు నెలకు ఇంకో 300 వేసుకుందాం. అంటే ఏడాదికి 8,400 కిలోమీటర్లు. లీటరుకు 19 ఇస్తుందని, డీజిల్ 96 రూపాయలని అనుకుంటే ఏడాదికి 42,000 పైచిలుకు. ఇన్సూరెన్స్ 9,000, సర్వీసు 12,000. ఈ వయసు బండికి రిపేర్ల కింద ఏడాదికి 25,000 పక్కన పెట్టాల్సిందే. నాలుగేళ్లు వాడి అమ్మితే 1,20,000 వస్తుందనుకుంటే, ధరలో తరుగు ఏడాదికి 60,000. మొత్తం 1,48,000 అవుతుంది. కిలోమీటరుకు 17 రూపాయల పైనే. ఎఫ్‌డీ మీద పోయే వడ్డీ ఇందులో కలపలేదు.

మీరిప్పుడు అద్దె కారుకు ఇస్తున్నది ఏడాదికి 78,000. కాబట్టి అద్దె డబ్బుతో సొంత కారు రాదు. ఇంకో 70,000 చేర్చాలి. అర్ధరాత్రి అమ్మగారికి ఒంట్లో బాగా లేకపోతే ఇంటి ముందు కారు ఉండటం ఎంత ధైర్యమో నాకు తెలుసు. ఆ 70,000 దానికే ఖర్చు పెడుతున్నానని మీకు మీరు చెప్పుకుని కొంటే తప్పు లేదు. ఆదా అవుతుందనుకుని మాత్రం కొనకండి.

డీజిల్ వల్ల లాభం లేదా అంటే ఉంది. లీటరుకు 15 ఇచ్చే పెట్రోల్ కారుకు, 108 రూపాయల లెక్కన, ఏడాదికి 60,000 దాటుతుంది. అంటే డీజిల్‌తో 18,000 మిగులుతుంది. కానీ ఇన్ని కిలోమీటర్లు తిరిగిన డీజిల్‌లో ఇంజిన్‌లోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లు నాలుగూ మార్చాల్సి వస్తే అర లక్ష దాటొచ్చు. మూడేళ్ల మిగులు ఒక్క రిపేరులో తుడిచిపెట్టుకుపోతుంది. నెలకు రెండు వేల కిలోమీటర్లు తిప్పేవాళ్లయితే నేనూ డీజిలే తీసుకోమనేవాణ్ని.

ఇక ఆ ఏపీ 16 నంబరు. అది కృష్ణా జిల్లాది. పైగా 2014 జూన్ 2 తర్వాత, అంటే రాష్ట్రం విడిపోయాక, ఆంధ్రప్రదేశ్‌లో రిజిస్టరైన బండి. దాన్ని ఖమ్మంలో ఉంచుకోవాలంటే అక్కడి ఆర్టీఏ నుంచి ఎన్‌వోసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తేవాలి, తెలంగాణలో లైఫ్ ట్యాక్స్ మళ్లీ కట్టాలి, నంబరు మార్చుకోవాలి. అమ్మేవాళ్లు ఈ మాట ఎత్తరు. ఖమ్మం ఆర్టీఏ ఆఫీసుకు ఆర్సీ కాపీ పట్టుకెళ్లి, ఎంత పడుతుందో అడిగాకే ఏ బేరమైనా. 2029 ఆగస్టుకు దానికి 15 ఏళ్లు నిండుతాయి. అప్పుడు ఫిట్‌నెస్ చూపించి రెన్యువల్ చేయించాలి, ఆ ఫీజు 5,000. పాత బండ్ల మీద వేసే గ్రీన్ ట్యాక్స్ వేరు. ఆ తర్వాత ప్రతి 5 ఏళ్లకూ ఇదే తంతు.

విజయవాడ బండి అనగానే నాకు ఇంకో దిగులు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి నగరంలో ఎన్ని కార్లు మునిగాయో మీకు తెలుసు. మున్నేరు వల్ల మీ ఊళ్లోనూ అదే పరిస్థితి. అలా మునిగిన బండ్లు కడిగి, పాలిష్ కొట్టించుకుని అమ్మకానికి వస్తాయి. ఈసారి ఏ కారు చూసినా, సీటు బెల్టును చివరిదాకా బయటకు లాగండి. పైన ఎంత తుడిచినా, లోపల చుట్టుకుని ఉండే భాగం మీద బురద చార ఉండిపోతుంది. ముందు సీట్లు జరిగే పట్టాల మీద తుప్పు ఉందా చూడండి. కార్పెట్ ఓ మూల లేపి వాసన చూడండి. అనుమానం వస్తే ధర ఎంత తగ్గించినా తీసుకోవద్దు. నీళ్లు చేరిన వైరింగు ఎప్పుడు మొరాయిస్తుందో మెకానిక్ కూడా చెప్పలేడు.

ఇంజిన్ పరీక్షకు పొద్దున్నే వెళ్లండి, మీరొచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని ముందే చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. వేడిగా ఉంటే మీకోసం ముందే తిప్పి ఉంచారన్నమాట. చల్లటి ఇంజిన్ మొదటిసారి స్టార్ట్ అయినప్పుడు లోపలి టైమింగ్ చైన్ గలగలలాడినా, నీలం పొగ వదిలినా మిగతావి చూడటం అనవసరం. బాగుందనిపిస్తే కంపెనీ సర్వీస్ సెంటర్‌లో పాత సర్వీసుల వివరాలు యజమాని చేతే అడిగించండి. మీటరు తిప్పారో లేదో అక్కడే తేలిపోతుంది. మన మెకానిక్‌కు వెయ్యో రెండు వేలో ఇచ్చి లిఫ్ట్ మీద చూపించడం దండగ కాదు.

డబ్బు సంగతికి వస్తే, ఇంత పాత బండికి బ్యాంకులు అప్పు ఇవ్వడం కష్టం. మిగిలేది ప్రైవేటు ఫైనాన్స్. వాళ్లు "పది శాతమే" అంటారు, అది ఫ్లాట్ వడ్డీ. 2 లక్షలు మూడేళ్లకు తీసుకుంటే నెలకు 7,222 కట్టాలి. మీరు తీరుస్తున్నా వడ్డీ మాత్రం మొదటి రోజు 2 లక్షల మీదే నడుస్తుంది కాబట్టి అసలు రేటు 18 శాతం పడుతుంది. అది వద్దు.

ఎఫ్‌డీలో 2 లక్షలు ముట్టుకోకండి. అది ఆరు నెలల ఇంటి ఖర్చు, అమ్మగారి ఆసుపత్రి అవసరానికి చేతిలో ఉండాల్సిన డబ్బు. ఉన్నదంతా కారులో పోస్తే, రేపు ఆసుపత్రి గుమ్మం దాకా తీసుకెళ్లడానికి కారు ఉంటుంది గానీ లోపల కట్టడానికి డబ్బు ఉండదు. మిగిలిన 3 లక్షల్లో లైఫ్ ట్యాక్స్, ఇన్సూరెన్స్, నాలుగు టైర్లు, క్లచ్, సస్పెన్షన్ పనులకు 80,000 తీసేస్తే ఈ బండికి మీరు ఇవ్వగలిగేది 2,20,000. ఆయన ఆ ధరకు ఇవ్వడు. వదిలేయండి.

మీకు నెలకు 13,000 మిగులుతోంది. అందులో 10,000 బ్యాంకులో ఆర్‌డీ (నెలనెలా కట్టే డిపాజిట్)లో వేయండి. ఏడాదికి కారు కోసం 4,20,000 చేతిలో ఉంటుంది. అప్పటిదాకా అద్దె కారే వాడండి. ఆ డబ్బులో ఖమ్మంలోనే రిజిస్టరైన, మొదటి ఓనర్ చేతిలో ఉన్న, ఎనిమిదేళ్ల లోపు పెట్రోల్ కారు చూడండి. 80,000 కిలోమీటర్లు తిరిగినా పర్లేదు. ధర మాత్రం 3,50,000 దాటకూడదు, మిగతా 70,000 మొదటి ఏడాది పనులకు కావాలి.

కొన్న రోజే, బండి మీ పేరుకు మారడానికి కావాల్సిన 29, 30 ఫారాల మీద సంతకాలు తీసుకోండి. ఫైనాన్స్ ఉంటే అది తీరినట్లు 35వ ఫారం, ఫైనాన్స్ కంపెనీ ఎన్‌వోసీ చేతికి రాకుండా పూర్తి డబ్బు ఇవ్వకండి. పాత చలానాలు అమ్మేవాళ్ల చేతే కట్టించండి. ఇన్సూరెన్స్ 14 రోజుల్లోపు మీ పేరు మీదకు మార్చమని అర్జీ పెట్టండి, లేకపోతే మీ బండికి దెబ్బ తగిలినప్పుడు క్లెయిము ఇవ్వం అంటారు. పాత ఓనర్ నో క్లెయిమ్ బోనస్ (క్లెయిములు చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) మీకు రాదు, ఆ తేడా మీరే కట్టాలి. దాన్ని కూడా బేరంలో లెక్కేసుకోండి.