ఎల్‌సీ3 బ్యాండ్ చిక్కబడితే ఆటోఫజీ పెరిగినట్టేనా?

ప్రశ్న: హెలా కణాలకు (ల్యాబ్‌లో పెంచే మానవ క్యాన్సర్ కణాలు) ఒక మొక్క సారం ఇచ్చి వెస్టర్న్ బ్లాట్ (ప్రొటీన్లను జెల్‌లో పరిమాణాన్ని బట్టి విడదీసి యాంటీబాడీతో గుర్తించే పరీక్ష) చేశాను. కంట్రోల్ కంటే ఎల్‌సీ3-2 బ్యాండ్ చాలా చిక్కగా వచ్చింది. సారం ఆటోఫజీని పెంచుతోందని థీసిస్‌లో రాయవచ్చా?
– పరిశోధక విద్యార్థిని, హైదరాబాద్

జవాబు: ఇప్పుడే రాయకండి. ఆటోఫజీలో కణం తనలోని పాడైన ప్రొటీన్లనూ మైటోకాండ్రియానూ పొరసంచిలో చుట్టి, లైసోజోమ్‌కు చేర్చి అరిగించుకుంటుంది. ఎల్‌సీ3 అనే ప్రొటీన్ రూపమైన ఎల్‌సీ3-2 ఆ సంచి పొరకే అంటుకుని ఉంటుంది. లోపలివైపు ఉన్న భాగం సంచితోపాటే అరిగిపోతుంది. అందుకే సంచులు ఎక్కువగా తయారైనా బ్యాండ్ చిక్కబడుతుంది, అరుగుదల ఆగిపోయినా చిక్కబడుతుంది. మీ సారం లైసోజోమ్‌ను దెబ్బతీసి ఉంటే మీరు రాయబోయేది అసలు సంగతికి పూర్తిగా వ్యతిరేకం.

నాలుగు వెల్స్ పెట్టండి: ఉత్త మీడియం, మీడియంలో బాఫిలోమైసిన్ (లైసోజోమ్‌లో అరుగుదలను ఆపే మందు), సారం, సారంతో బాఫిలోమైసిన్. బాఫిలోమైసిన్ ఏ1 100 నానోమోలార్ చొప్పున చివరి 2 నుంచి 4 గంటలు చాలు. అంతకు మించి ఉంచితే ఆ మందు విషప్రభావమే ఫలితంలో కలిసిపోతుంది. అది లేని వెల్స్‌కు అంతే పరిమాణంలో, ఆ మందును కరిగించే ద్రావకమైన డీఎంఎస్‌ఓ వేయాలి. బాఫిలోమైసిన్ ఉన్నప్పటి ఎల్‌సీ3-2 విలువలోంచి లేనప్పటి విలువ తీసేయండి. ఆ వ్యవధిలో ఎంత అరిగేదో తెలుస్తుంది. సారం జంటలో ఈ తేడా కంట్రోల్ జంటకన్నా ఎక్కువగా ఉంటేనే ఆటోఫజీ పెరిగినట్టు. బాఫిలోమైసిన్ కలిపినా బ్యాండ్ ఏమీ పెరగకపోతే సారమే అరుగుదలను అడ్డుకుంటోందని అనుమానించాలి.

పద్ధతి పనిచేస్తోందని చూపడానికి ఈబీఎస్ఎస్‌లో (సీరమ్, అమైనో ఆమ్లాలు లేని లవణ ద్రావణం) 2 గంటలు ఆకలితో ఉంచిన కణాల జంట (బాఫిలోమైసిన్‌తో ఒకటి, లేకుండా ఒకటి) కూడా తప్పనిసరి. ముందు మూడుసార్లు కడగండి. అడుగున మిగిలిన సీరమ్, అమైనో ఆమ్లాలు కొద్దిగా ఉన్నా ఆకలి సరిగా పుట్టదు.

అరుగుదలను ఆపి, పేరుకున్నది చూడటం పాత ఉపాయమే. జపాన్‌లో యోషినోరి ఒసుమి బృందం వాక్యుయోల్‌లో (ఈస్టులో లైసోజోమ్ పని చేసే గది) ప్రొటీన్లను అరిగించే ఎంజైములు లేని ఈస్టును ఆకలికి గురిచేసి, వాక్యుయోల్‌లో సంచులు పేరుకోవడాన్ని మామూలు సూక్ష్మదర్శినిలోనే చూసి 1992లో ప్రచురించింది. ఆటోఫజీ పరిశోధనకే 2016లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది.

ప్రశ్న: ఎల్‌సీ3-1 (పొరకు అంటుకోని రూపం) ఒక్కోసారి అసలు కనిపించదు. ఎల్‌సీ3-2ను దేనితో పోల్చాలి?
– ల్యాబ్ టెక్నీషియన్, విశాఖపట్నం

జవాబు: కణంలో మామూలుగా స్థిరంగా ఉండే ప్రొటీన్లు యాక్టిన్ లేదా ట్యూబులిన్‌తో. రెండు ఎల్‌సీ3ల నిష్పత్తి వాడకండి. ఎల్‌సీ3-1 నిలకడలేనిది, నమూనాను గడ్డకట్టించి కరిగించిన ప్రతిసారీ కొంత పోతుంది. పైగా చాలా యాంటీబాడీలు ఎల్‌సీ3-2నే ఎక్కువగా పట్టుకుంటాయి. లైసేట్‌లో (కణాలను చీల్చి తీసిన ద్రవం) వెంటనే శాంపిల్ బఫర్ కలిపి, 95 డిగ్రీల వద్ద 5 నిమిషాలు మరిగించి, చిన్న భాగాలుగా దాచండి.

ఎల్‌సీ3-2 సుమారు 14–16 కిలోడాల్టన్ల దగ్గర ఉంటుంది. 15 శాతం జెల్ వాడి, రంగు అంచు జెల్ దాటిపోకముందే ఆపండి. జెల్ నుంచి ప్రొటీన్లను ఎక్కించే బ్లాట్ పొర 0.2 మైక్రాన్ల రంధ్రాలున్న పీవీడీఎఫ్ అయితే మంచిది. 0.45 పొరలోంచి ఇంత చిన్న ప్రొటీన్ అవతలికి వెళ్లిపోవచ్చు.

ప్రశ్న: ఎరుపు–ఆకుపచ్చ జంట ట్యాగున్న ఎల్‌సీ3తో ఆకలి కణాల్లో కూడా పసుపు చుక్కలే వస్తున్నాయి. ఎందుకు?
– పీహెచ్‌డీ విద్యార్థి, తిరుపతి

జవాబు: పసుపు అంటే ఎరుపు, ఆకుపచ్చ రెండూ వెలుగుతున్నట్టు. లైసోజోమ్ ఆమ్లతలో జీఎఫ్‌పీ (ఆకుపచ్చ ట్యాగు) వెలుగు ఆరిపోయి ఎరుపు మాత్రమే మిగలాలి. ఫిక్స్ చేసిన (రసాయనంతో స్థిరపరిచిన) కణాల్లో ఆ ఆమ్లత పోతుంది కాబట్టి జీఎఫ్‌పీ మళ్లీ వెలగవచ్చు. ముందు బతికున్న కణాలను చూడండి. అప్పుడూ పసుపే అయితే ప్లాస్మిడ్ (ట్యాగున్న ఎల్‌సీ3 జన్యువును కణంలోకి చేర్చే డీఎన్‌ఏ) మోతాదు తగ్గించండి, ఎక్కువైతే ఎల్‌సీ3 ఉత్త ముద్దలుగా కూడా పేరుకుంటుంది. పొరకు అంటుకోలేని ఎల్‌సీ3 రకమైన జీ120ఏ మ్యూటెంట్‌ను పోలికకు పెట్టుకోండి. అందులోనూ చుక్కలు వస్తే అవి సంచులు కావు.